గుండీల పెట్టెలో మాత్రలు

ఆ కుట్టుషాపులో ఎవరికి ఎక్కడ నొప్పి పుట్టినా ముందు చెప్పుకునేది గుండీలక్కకే. షాపు నడిపే మాస్టారికి చెబితే మొహం గంటు పెట్టుకుంటాడు. ఇంట్లో చెబితే మానేసి కూర్చోమంటారు, మానేస్తే ఎలా గడుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. డాక్టరు దగ్గరికి వెళితే ఒక పూట పని పోతుంది. గుండీలక్కతో ఆ బాధలేవీ లేవు. "ఎక్కడే?" అని ఒక్క మాట అడుగుతుంది, పెట్టె తెరుస్తుంది, అరచేతిలో మాత్ర పెడుతుంది. ఆ అడిగిన తీరుకే సగం నొప్పి తగ్గుతుందని షాపులో ఆడవాళ్ళు చెప్పుకునేవారు. తక్కిన సగం మాత్ర చూసుకునేది.

మేడమీద పొడుగాటి గది అది. రెండు వరసల్లో తొమ్మిది మిషన్లు, కిటికీ పక్కన గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల, ఆ చివర గుండీలక్క స్టూలు. అక్కడ కుట్టేవి పెళ్ళి గౌన్లు, ఖరీదైన పార్టీ బట్టలు. ఇరవై రెండేళ్ళుగా గుండీలూ, హుక్కులూ, కాజాలూ ఆమె పని. ఆమె పక్కన ఎప్పుడూ ఒక చెక్కపెట్టె ఉంటుంది. లోపల ఇరవై నాలుగు గళ్ళు. రంగు ప్రకారం, సైజు ప్రకారం ఎక్కడి గుండీలు అక్కడే. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసిన గుండీ చేతికి రావాలి, అదీ ఆమె పట్టుదల. పైవరసలో మూడు గళ్ళు మాత్రం మాత్రలవి. ఎర్రవి నడుముకి. పసుపువి మోకాళ్ళకీ భుజాలకీ. తెల్లవి తలనొప్పికీ జ్వరానికీ. ఇన్నేళ్ళలో ఈ వైద్యశాస్త్రం ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనని తాను ప్రశ్నించుకోలేదు.

మాత్రలు అలా విడివిడిగా ఎందుకున్నాయంటే దానికో కథ ఉంది. ఎప్పుడో ఒకసారి మాత్రల రేకు అంచు సాటిన్ గుడ్డకి తగిలి దారం ఒకటి జర్రున లాగేసింది. గౌను ముందుభాగం మొత్తం పనికిరాకుండా పోయింది. ఆ రోజు మాస్టారు పెట్టిన కేకలకి కింద దుకాణంవాళ్ళు కూడా పైకొచ్చారు. అప్పట్నుంచి గుండీలక్క మాత్రలు కొన్న వెంటనే, షాపు మెట్లెక్కక ముందే, రేకులోంచి ఒక్కొక్కటీ ఒత్తి చేతిసంచిలోని చిన్న డబ్బాలో వేసుకుని, రేకూ కాగితమూ వీధిలో చెత్తకుండీలో పడేసి వచ్చేది. రేకుతోపాటు మందు పేరు పోయింది, గడువు తేదీ పోయింది, ఎలా వేసుకోవాలో రాసిన కాగితం పోయింది. వాటి లోటు ఎవరికీ తెలియలేదు. గుండీకి రంగు చూస్తాం గానీ పేరు అడుగుతామా?

దీనికి తోడు తెల్లగుడ్డ రోజులు. తెల్ల సాటిన్ బల్ల మీదికి ఎక్కిందంటే గదిలో తిండి లేదు, టీ లేదు, నీళ్ళ సీసా కూడా లేదు. సాటిన్ మీద నీటిచుక్క పడి ఆరినా మచ్చ మిగులుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చుంటే మళ్ళీ గౌను బట్టల కొయ్యకి ఎక్కేదాకా లేవడం ఉండదు. మధ్యాహ్నం భోజనం సాయంత్రమయ్యేది. ఆ రోజుల్లో మాత్ర వేసుకోవడానికీ ఒక పద్ధతి ఏర్పడింది. తల పైకెత్తి నోరు తెరిస్తే గుండీలక్కే నాలుక మీద వేసేది. ఎర్రమాత్ర రంగు వేళ్ళకి అంటితే గుడ్డకి అంటుతుందని భయం మరి. నీళ్ళు లేకుండా, పరగడుపున, అలాగే మింగేసేవారు. పసుపుది కాస్త పెద్దది కాబట్టి గొంతుకి అడ్డం పడకుండా దారం తుంచే కత్తెరతో రెండు ముక్కలు చేసి ఇచ్చేది. అంత శ్రద్ధ ఆమెది. మంచితనానికి కొలత టేపు ఉండదు, దాంతో వచ్చే చిక్కల్లా అదే.

ఆమె పక్క మిషను పిచ్చుకది. పిచ్చుకంటే ఆమె తోడికోడలు, మరిది భార్య. సన్నగా ఉంటుంది, నోరు ఒక్క క్షణం ఊరుకోదు, అందుకే ఆ పేరు. పదకొండేళ్ళ క్రితం ఆమెని చెయ్యి పట్టుకుని ఈ షాపుకి తీసుకొచ్చి, తన స్టూలు పక్క మిషను మీద కూర్చోబెట్టింది గుండీలక్కే. భర్త పోయిన ఆరేళ్ళుగా గుండీలక్క ఉంటున్నది కూడా మరిది ఇంటి పైగదిలోనే. పైనా కిందా రెండు గదులున్నా పొయ్యి మాత్రం ఒకటే. మరిది సరుకుల వ్యాను నడుపుతాడు, మాట తక్కువ మనిషి. పగలంతా షాపులో, సాయంత్రం వంటింట్లో, తోడికోడళ్ళిద్దరూ కలిసి ఉండని గంట ఉండేది కాదు. సొంత అక్కచెల్లెళ్ళు కూడా అంత పొందికగా ఉండరని ఇరుగుపొరుగు అనేవారు. కొందరు మెచ్చుకోలుగా, కొందరు కళ్ళలో నిప్పులు పోసుకుని.

ఆ సంవత్సరం ఒకే పెళ్ళికి పద్దెనిమిది గౌన్లు కుట్టాల్సి వచ్చింది. రెండు నెలలపాటు దాదాపు రోజూ తెల్లగుడ్డే. పిచ్చుకకి నడుము పట్టేసింది. పొద్దున ఒక ఎర్రది. మిషను తొక్కి తొక్కి మోకాలు లాగుతోందంటే మధ్యాహ్నం ఒక పసుపుది, రెండు ముక్కలుగా. సాయంత్రం ఇంటికి నడవాలి కదా అని మరో ఎర్రది. పనెక్కువైన రోజు ఈ లెక్కకి మరొకటి చేరేది. ఒకసారి మాత్రం పిచ్చుక పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కడుపులో ఏదో మండుతున్నట్టుందక్కా అంది. గుండీలక్క ఒక్క క్షణం ఆలోచించింది. కడుపుకంటూ పెట్టెలో విడిగా గడి లేదు. కడుపూ నడుమూ ఎంత దూరం గనక అనుకుని ఎర్రది ఇచ్చింది. పిచ్చుక మళ్ళీ కడుపు మాట ఎత్తలేదు. తగ్గిపోయిందని గుండీలక్క సంతోషించింది.

ఆ తర్వాత మూడు వారాలకి, చివరి గౌను కొయ్యకెక్కిన మధ్యాహ్నం, పిచ్చుక మిషను ముందు నుంచి లేచి రెండడుగులు వేసి కింద పడిపోయింది. బల్ల అంచుకి తుంటి తగిలింది. మొహం చూస్తే కొయ్యకున్న తెల్లగౌనుకీ ఆమెకీ తేడా లేనట్టుంది. మాస్టారూ గుండీలక్కా కలిసి టాక్సీలో హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. మరిది ఎక్కడో సరుకు దింపుతున్నవాడు వ్యాను అలాగే వదిలేసి వచ్చాడు.

ఎమర్జెన్సీ గదిలో డాక్టరు కుర్రవాడే, కానీ నిదానస్తుడు. పిచ్చుక సగం తెలివిలో ఉండి నడుము, తుంటి అని మూలుగుతోంది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని మాస్టారు చెప్పాడు. డాక్టరు రక్తపరీక్షకి పంపి, మరిదిని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఇలా పడిందా? లేదు. కడుపుకి సంబంధించిన బాధలేమైనా? లేవు. ఏమైనా మందులు వాడుతోందా?

"మా ఆవిడ మాత్ర మొహం చూడదండీ," అన్నాడు మరిది. "జ్వరమొచ్చినా వేసుకోదు."

ఆ చెప్పడంలో చిన్న గర్వం కూడా ఉంది. పాపం అతను అబద్ధం చెప్పలేదు. మాత్ర అంటే డాక్టరు రాసిచ్చి, ఇంట్లో అలమరలో ఉండేది. అక్క గుండీల పెట్టెలోంచి తీసి ఇచ్చేది మాత్ర కిందికి వస్తుందని పిచ్చుక ఏనాడూ అనుకోలేదు. మొగుడికి చెప్పవలసినంత సంగతిగా ఆమెకి తోచలేదు.

డాక్టరు తల ఊపి, రక్తపరీక్ష వచ్చేలోగా నొప్పికి ఒక ఇంజెక్షన్ రాశాడు. నర్సు మందు తేవడానికి వెళ్ళింది. గోడకి ఆనుకుని నిలబడ్డ గుండీలక్కకి ఆ నొప్పి ఇంజెక్షన్ అన్న మాట గుండెలో గుచ్చుకుంది. నొప్పికి మందు మీద మందు. తను రెండు నెలలుగా చేసిందీ అదే. కడుపులో మంట అన్న రోజు పిచ్చుక మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజు తన చెయ్యి ఏ గడిలోకి వెళ్ళిందో కూడా గుర్తొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెత ఆమె ఎందరి మీదో వేసి నవ్వింది గానీ తన మీదికి వస్తుందని అనుకోలేదు.

ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తన కడుపున పుట్టకపోయినా కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నానని అనుకున్న పిల్ల ఇలా పడుకుని ఉండడానికి తనే కారణమని మరిది ముందు తన నోటితో తనే చెప్పాలి. ఆ ఇల్లు తప్ప ఆమెకి వేరే ఇల్లు లేదు. వాళ్ళు తప్ప వేరే మనుషులూ లేరు. చెప్పకపోతే ఆ సూది మందు పిచ్చుక ఒంట్లోకి వెళ్ళిపోతుంది. మాత్రలకీ పడిపోవడానికీ సంబంధం లేదేమోనని మనసు ఒక పక్క నుంచి నసుగుతూనే ఉంది. నర్సు ట్రేతో ఆమె ముందు నుంచే లోపలికి వెళ్ళింది. గుండీలక్క కదలలేదు. నర్సు సూదిలోకి మందు ఎక్కించింది, పిచ్చుక చెయ్యి పట్టుకుని దూదితో తుడిచింది. అప్పుడు గుండీలక్క గోడ వదిలి ముందుకొచ్చింది.

"ఆగమ్మా, ఆ సూది వెయ్యకు. ఆమె మాత్రలు వేసుకుంటోంది. నేనిస్తున్నాను."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. ఏం మాత్రలని అడిగాడు. నొప్పి మాత్రలంది. రోజుకి ఎన్ని? మూడు, ఒక్కోసారి నాలుగు. ఎన్నాళ్ళుగా? రెండు నెలలు. తిన్నాక ఇస్తున్నారా? పరగడుపునే ఎక్కువ. నీళ్ళతోనేనా? తెల్లగుడ్డ రోజుల్లో నీళ్ళుండవండీ. ఒక్కో జవాబూ చెబుతుంటే మరిది మొహం వైపు చూడకూడదని ఆమె డాక్టరు చొక్కా గుండీనే చూస్తూ నిలబడింది.

"కడుపునొప్పి అని ఎప్పుడైనా మీతో అందామ్మా?"

"అందండీ. మూడు వారాల క్రితం."

"అప్పుడేం చేశారు?"

"ఇంకో మాత్ర ఇచ్చాను."

డాక్టరు ఆమెని తిట్టలేదు. పిచ్చుక మీదికి వంగి, విరేచనం ఏ రంగులో అవుతోందని మెల్లగా అడిగాడు. పిచ్చుక కళ్ళు తెరవకుండానే నల్లగా, తారులా అంది. నాలుగు రోజులైందట. డాక్టరు నర్సు చేతిలో సూది పక్కన పెట్టించాడు. కడుపులో పుండు పడి రక్తం కారుతున్నట్టుందనీ, ఈ ఇంజెక్షన్ కూడా ఆ జాతి మందే కాబట్టి వేసి ఉంటే ఇంకా ముదిరేదనీ చెప్పాడు. ఆ మాత్రల పేర్లు కావాలన్నాడు. గుండీలక్కకి రంగులు తప్ప ఏమీ తెలియదు. ఎర్రది, పసుపుది అంది. అని, తలదించుకుంది.

పేర్లు కనుక్కుని వస్తానని ఆమె పరుగులాంటి నడకతో షాపుకి వెళ్ళి, పెట్టె చంకలో పెట్టుకుని వీధి చివర మందులషాపుకి వెళ్ళింది. అక్కడ ఉండేది ఒక నడివయసు ఆవిడ, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతూ ఉంటాయి. ఇన్నేళ్ళూ గుండీలక్క ఆవిణ్ణి ఎర్రవి ఒక రేకు, పసుపువి ఒక రేకు అని అడగడమే గాని మరో మాట మాట్లాడింది లేదు. ఆవిడ ఏదో చెప్పబోయినా పనుందని మెట్లు దిగిపోయేది. ఈవేళ గాజుబల్ల మీద రంగుకొకటి చొప్పున మాత్రలు పేర్చి, ఇవేంటో రాసివ్వమని అడిగింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, మాత్రల మీద ఒత్తిన అక్షరాలు చూసి, తన దగ్గరున్న రేకుల్తో సరిపోల్చి, ఒక కాగితం మీద రాసింది. రాసి, ఆగి చూసింది.

"ఎర్రదీ పసుపుదీ ఒకటే మందమ్మా. కంపెనీలు వేరు, పైపూత వేరు. చొక్కా మార్చుకున్న ఒకే మనిషి."

గుండీలక్క ఆ రెండు మాత్రల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. దీపం వెలుగులో రెండు తెలుపుల మధ్య తేడా చెప్పగల మనిషి. వంద గుండీల్లో ఒకటి వేరే కంపెనీదైతే వేలితో తడిమి తీసి పారేసే మనిషి. అలాంటిది పైపూతకి మోసపోయింది. పసుపుది కోసి ఇచ్చేదాన్నని చెబితే ఆవిడ నొచ్చుకుంది. ఆ పూత కడుపు దాటేదాకా కరగకుండా ఉండటానికే వేస్తారట, కోస్తే ఇక దానికి అర్థమే లేదట. నడుముకో రకం, మోకాలికో రకం అని ఉండదు, మింగినది రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, అందుకే ఒక మాత్ర మీద ఇంకోటి వేస్తే రెండింతలు అయిపోతుందని చెప్పింది. తెల్లది మాత్రం వేరే మందు, అది కడుపుని అంతగా బాధించదు గాని దానికీ ఒక లెక్క ఉంది, మీరితే కాలేయానికి చేటు అంది. ఇదంతా ఆవిడ తప్పు పట్టినట్టు కాకుండా, ఎప్పట్నుంచో చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్పగలిగినట్టు చెప్పింది. గుండీలక్క కాగితం తీసుకుని వెనక్కి పరిగెత్తింది.

డాక్టరు కాగితం చూసి లోపలికి వెళ్ళిపోయాడు. గొట్టంతో కెమెరా పంపి పుండు చూసి రక్తం ఆపారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ సంగతులు ఆమెకి మాస్టారు చెబితే తెలిసినవే, ఎందుకంటే కాగితం ఇచ్చి బయటికొచ్చిన ఆమెతో మరిది అన్నది ఒకటే మాట. "నువ్వు ఇంటికెళ్ళు వదినా." మెల్లగానే అన్నాడు. అరిచి ఉంటే ఆమెకి ఇంత నొప్పిగా ఉండేది కాదు. పదిమందిలో తిట్టినా పడేది. మాటలు కరువైన మనిషి ఆ ఉన్న మాటల్లోంచి ఇదొక్కటి ఏరి ఇచ్చాడు. ఆమె ఇంటికెళ్ళింది.

ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి ఒకటే గాని తిండి వేరైంది. ఆమె వండి మూతపెట్టి మెట్ల దగ్గర ఉంచిన గిన్నె పొద్దున్నే అలాగే ఉండేది. మరిది బయట ఎక్కడో తిని, బట్టలు మార్చుకుని, మళ్ళీ హాస్పిటల్‌కి పోయేవాడు. మెట్ల మీద ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాడు, పరాయి ఇంటి మనిషికి ఇచ్చినట్టు. పిచ్చుక ఎలా ఉందని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. అడిగే హక్కు పోయిందనుకుంది. పైగదిలో ఏడుపు రాక, కళ్ళు మండుతూ కూర్చునేది.

షాపులో మాత్రం జరిగినది జరిగినట్టు అందరికీ చెప్పేసింది. దాచడం ఆమె వల్ల కాలేదు. గళ్ళలో మిగిలిన మాత్రలన్నీ మందులషాపావిడకి అప్పజెప్పింది. అయినా అలవాటు అంత తేలిగ్గా పోతుందా? కాలర్లు కుట్టే ఆవిడ మెడ పట్టేసిందని చెయ్యి చాపుతూనే వచ్చింది, సగం దారిలో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. గుండీలక్క ఆమెని కూర్చోబెట్టి తనకి తెలిసింది చెప్పింది. తప్పనిసరైతే ఏదో ఒకటే రకం, అదీ ఎంత తక్కువకి తగ్గితే అంతే, అన్నం తిన్నాక, గ్లాసెడు నీళ్ళతో. నాలుగైదు రోజులకి తగ్గకపోతే అది మాత్రకి తగ్గే నొప్పి కాదు, డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. కడుపులో మంటగానీ విరేచనం నల్లగా గానీ అయితే ఆ క్షణమే మానెయ్యాలి. తిని వేసుకున్నా, పూత ఉన్నా, రోజుల తరబడి మింగితే కడుపుకి ముప్పు తప్పదని కూడా చెప్పింది. ఇదంతా విని ఆవిడ, ఇంత తలనొప్పి కంటే నా మెడనొప్పే నయం అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గుండీలక్క నవ్వలేదు.

మాస్టారితో మాత్రం పెద్ద పేచీయే అయింది. తెల్లగుడ్డ రోజైనా సరే, వేళకి అందరూ లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి తిని, నీళ్ళు తాగి, చేతులు కడుక్కుని రావాలని ఆమె పట్టుబట్టింది. మాస్టారు గౌను మీద మరక పడితే ఎవరిది పూచీ అన్నాడు. మరకైతే ఉతుక్కోవచ్చు మాస్టారూ అంది ఆమె. ఇరవై రెండేళ్ళలో ఆమె ఎదురు చెప్పడం అతను చూసింది అదే మొదలు. టాక్సీలో పిచ్చుక తల తన భుజం మీద వాలిన సంగతి అతనూ మర్చిపోలేదు. సరే కానివ్వమన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం మరిది షాపు మెట్ల దాకా వచ్చి, పైకి రాకుండా, పిచ్చుక నిన్ను రమ్మంటోంది అని మాస్టారితో కబురు చెప్పించాడు. వ్యానులో అతని పక్కన కూర్చున్నంతసేపూ ఇద్దరూ రోడ్డు వైపే చూశారు.

పిచ్చుక మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. గుండీలక్క గుమ్మంలోనే ఆగిపోతే, రా అక్కా, అక్కడే కాజాలు కుడతావా ఏంటి అంది. ఆ మాట వినగానే మూడు రోజులుగా రాని ఏడుపు గుండీలక్కకి ఒక్కసారిగా వచ్చేసింది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, తోడికోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కడుపులో మంట మళ్ళీ వచ్చిందని ఎందుకు చెప్పలేదే, నల్లగా అవుతుంటే ఎందుకు దాచావని అడిగింది.

"చెబితే ఇంకో రంగుది ఇస్తావేమోనని," అంది పిచ్చుక.

ఇద్దరూ నవ్వారు. నవ్వితే కడుపు నొప్పి పెడుతుందని పిచ్చుక వెంటనే ఆపేసింది. ఆపి, నిజానికి భయం అది కాదంది. మానెయ్యమంటావేమోనని భయమేసిందట. మానేస్తే మిషను మీద కూర్చోలేదు, కూర్చోలేకపోతే ఆ సీటు మాస్టారు ఇంకొకరికి ఇస్తాడు. అక్క పక్క సీటు ఇంకొకరిదవడం ఆమెకి ఇష్టం లేదు. ఇంతే.

ఇక దాచుకోవడానికి గుండీలక్క దగ్గర ఒకటే మిగిలింది. డాక్టరుకి చెప్పనిది, షాపులోనూ చెప్పనిది. అది చెప్పకుండా ఈ నవ్వులో కూర్చోవడం ఆమెకి దొంగతనంలా అనిపించింది. ఎనిమిదేళ్ళ క్రితం బొటనవేలు వాచినప్పుడు తను కూడా ఆ ఎర్రమాత్రలు రెండు రోజులు వేసుకుంది. కడుపు భగ్గుమంది. మానేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. తన కడుపే మంచిది కాదనుకుంది గాని మాత్రని అనుమానించలేదు. తను మానేసిందాన్ని మిగతావాళ్ళకి పంచుతూనే ఉంది. ఇదంతా తలెత్తకుండా చెప్పింది.

పిచ్చుక కిటికీ వైపు చూసింది. చెయ్యి లాక్కోలేదు, అలాగని గుండీలక్క చేతిని నొక్కనూ లేదు.

"అది నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదక్కా," అంది చివరికి.

కోపం లేదు ఆ మాటలో. ఉంటే గుండీలక్క ఏదో ఒకటి సర్దిచెప్పి ఉండేది. ఏమీ లేకపోవడంతో ఆ మాట అక్కడే ఉండిపోయింది. ఆమె బతికున్నంత కాలం ఉంటుంది కూడా. ఉండాల్సిందే, మంచి మనసుతో చేశానన్నంత మాత్రాన చేసింది చెయ్యనిది కాదు కదా. పిచ్చుక అలసిపోయి కళ్ళు మూసుకుంటే ఆమె దుప్పటి సర్ది బయటికొచ్చింది.

వరండాలో బల్ల మీద మరిది కూర్చుని ఉన్నాడు. గుమ్మం పక్కనే. లోపలి మాటలు వినబడి ఉంటాయి. ఆమె అతన్ని దాటుకుని వెళ్ళబోతుంటే, కూర్చో వదినా అన్నాడు. కూర్చుంది. చాలాసేపు అతను వ్యాను తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాడు.

"డాక్టరు మందులేమైనా వాడుతోందా అంటే నేను లేదన్నాను," అన్నాడు. "ఒకే ఇంట్లో ఉన్నాం. రెండు నెలలు నడుము పట్టుకుని నడిచింది. నొప్పిగా ఉందా అని నేను ఒక్కనాడు అడగలేదు. నువ్వు అడిగావు. అడిగి తప్పు మందిచ్చావు. నేను అసలు అడగనే లేదు."

ఆ బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, వెళ్ళే నర్సుల్నీ వచ్చే చుట్టాల్నీ చూస్తూ ఉండిపోయారు. సాయంత్రం అతను తనకో రొట్టె, ఆమెకో రొట్టె కొనుక్కొచ్చాడు.

ఆరో రోజు పిచ్చుకని ఇంటికి పంపించారు. బట్టలు సర్దడం అయింది, కాగితాల మీద సంతకాలు అయ్యాయి. నర్సు ఒక కవరు తెచ్చి, మందులు ఎవరు చూసుకుంటారని అడిగింది. గుండీలక్క గబుక్కున రెండడుగులు వెనక్కి వేసి సంచీ జిప్పు లాగుతున్నట్టు నటించింది. మరిది కవరు అందుకున్నాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, ఆమె దగ్గరికి నడిచి వచ్చి, ఆమె చేతిలో పెట్టాడు.

"మా వదిన చూసుకుంటుంది. ఆవిడకి చెప్పండి."

గుండీలక్క అతని మొహంలోకి చూసింది. అతను అప్పటికే వంగి పిచ్చుక చెప్పులు ముందుకి జరుపుతున్నాడు. నర్సు కవరులోంచి ఒక రేకు తీసి చూపించింది. కడుపులో పులుపు తగ్గించే మాత్ర ఇది, పుండు మానేదాకా వాడాలి, రోజూ పొద్దున్నే పరగడుపున ఒకటి, అరగంట ఆగాక టిఫిను అంది.

పరగడుపున అన్న మాట వినగానే గుండీలక్క ఉలిక్కిపడింది. పరగడుపునేనా, తిన్నాక కాదా, మళ్ళీ చూసి చెప్పమంది. నర్సు చీటీ చూపించి, ఇది మాత్రం పరగడుపునే అమ్మా, అన్ని మాత్రలూ ఒకటి కాదు అంది. నీళ్ళు ఎన్ని అని అడిగింది. కోయవచ్చా అని అడిగింది. నడుము నొప్పి అంటే ఏమివ్వాలి, ఏమివ్వకూడదు అని అడిగింది. రేకు తిప్పి, వెలుతురుకి పట్టుకుని, నోరు తిరగని ఆ పేరుని అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"పేరు ఇంకోసారి చెప్పమ్మా," అంది.

నర్సు చెప్పింది. గుండీలక్క తిరిగి అప్పజెప్పింది, తప్పు పలికింది, మళ్ళీ చెప్పించుకుంది. కింద వ్యాను దారికి అడ్డంగా ఉందని కాపలావాడు రెండుసార్లు కేకేశాడు. పిచ్చుక మంచం అంచున కూర్చుని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటోంది. మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను ఆమెని తొందరపెట్టలేదు.